ఆ వార్త చదివే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు

ఇంటర్ ఫలితాలు దగ్గర పడుతున్నాయంటే గుండె దడ పిల్లలకే కాదు, పత్రికల డెస్కుల్లో ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లకూ మొదలవుతుంది. ఫలితాలు వచ్చిన సాయంత్రం పేజీలన్నీ ర్యాంకుల ఫొటోలతో నిండిపోతాయి. మర్నాడో ఆ మర్నాడో జిల్లా పేజీలో ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో వస్తుంది. కింద నాలుగు వాక్యాలు. పేరు, ఊరు, కాలేజీ, తప్పిన సబ్జెక్టు, ‘మనస్తాపంతో’ అన్న ఒక్క మాట, ఆ తర్వాత ఎలా జరిగిందన్న వివరం. ఏటా అదే వార్త. పిల్లల పేర్లే మారుతుంటాయి.

ఆ వార్త రాసేవారికీ, తెర మీద చూపించేవారికీ, ఫోన్లో అందుకుని మరో పదిమందికి పంపేవారికీ ఇది ఒక విన్నపం. ఫలితాలు రాకముందే చెప్పాల్సిన మాట ఇది. వచ్చాక చెబితే ఆలస్యమవుతుంది.

2019ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ ఏడాది ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. పరీక్ష రాసినవారు తొమ్మిది లక్షల పైచిలుకు. తప్పినవారు మూడు లక్షల పైమాటే. గంటలు గడిచేకొద్దీ తప్పుల తడకలు బయటపడ్డాయి. పరీక్ష రాసినవారికి రాయలేదని వచ్చింది. మొదటి ఏడాది మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. తిరిగి చూస్తే అది 99. ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో కమిటీ వేసింది. తప్పినవారందరి జవాబు పత్రాలనూ రుసుము లేకుండా మళ్లీ పరిశీలించమంది. అలా చూశాక వెయ్యిమందికి పైగా పిల్లలు పాసయ్యారు. కానీ ఈ లోపలే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

ఆ రోజుల్లో తెలుగు మీడియా రెండు పనులు చేసింది. ఆ రెంటినీ కలిపి తిట్టడం తప్పు, కలిపి మెచ్చుకోవడమూ తప్పే. ఫలితాల్లో దొర్లిన పొరపాట్లను, ఫలితాలు తయారుచేసే పని అప్పజెప్పిన తీరును, ఇంటర్ బోర్డు నిర్లక్ష్యాన్ని రోజూ బయటపెట్టింది. ఆ వార్తలు రాకపోతే జవాబు పత్రాలు మళ్లీ తెరిచేవారు కాదు. అది పత్రికలు చేయాల్సిన పనే, ధైర్యంగా చేశాయి. రెండో పని వేరు. చనిపోయిన పిల్లల ఫొటోలు వరుసగా పేర్చారు. ఈ రోజుకు ఇందరు, నిన్నటికి అందరు అంటూ లెక్క కట్టారు. ఏ పిల్ల ఎలా చనిపోయిందో చెప్పారు. తల్లి ఏడుపును దగ్గర నుంచి చూపించారు. బోర్డును నిలదీయడానికి మొదటి పని చాలు. రెండోదాని వల్ల బోర్డు మీద పడిన ఒత్తిడి ఎంతో గానీ, ఫలితం చూసుకుని గదిలో తలుపు వేసుకుని కూర్చున్న ఇంకో పిల్ల మీద పడిన బరువు మాత్రం చాలా ఎక్కువ.

ఇది అనుమానంతో అంటున్న మాట కాదు. యాభై ఏళ్లుగా చూసి, లెక్కగట్టి చెప్పిన సంగతి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ 1974లోనే ఇది చూపించాడు. పత్రికలు మొదటి పేజీలో ఆత్మహత్య వార్తను ఎంత ప్రముఖంగా వేస్తే, ఆ తర్వాతి రోజుల్లో అలాంటి మరణాలు అంతగా పెరుగుతున్నాయని. అప్పటి నుంచి అనేక దేశాల్లో అదే తేలింది. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన పరిశీలనను అచ్చువేసింది. పేరున్న వ్యక్తి ఆత్మహత్య గురించి వార్తలు వచ్చాక ఆత్మహత్యలు సగటున 13 శాతం పెరిగాయి. ఆ వ్యక్తి ఎంచుకున్న పద్ధతిని వార్తల్లో చెప్పినప్పుడు, అదే పద్ధతిలో మరణాలు 30 శాతం పెరిగాయి. ఈ రెండో సంఖ్యను ప్రతి న్యూస్‌రూములోనూ గోడ మీద రాసిపెట్టాలి. ఒక్క వాక్యం రాయకుండా ఆపితే కొందరు బతుకుతారని అది చెబుతోంది.

ఎవరి మీద ఈ ప్రభావం పడుతుంది? మన మీద కాదు. టీ తాగుతూ పేజీ తిప్పేసే పెద్దవాళ్లం మనం. ‘అయ్యో’ అనుకుని మరిచిపోతాం. అప్పటికే లోపల నలిగిపోతున్న పిల్లవాడు ఆ వార్తను అలా చదవడు. తన వయసే. తన గ్రూపే. తను తప్పిన సబ్జెక్టే. పక్క మండలమే. ఆ ఫొటోలో తననే చూసుకుంటాడు. ఇప్పటిదాకా తన బుర్రలో తెలిసీ తెలియకుండా తిరుగుతున్న ఆలోచనకు ఆ వార్త ఒక రూపం ఇస్తుంది. ఇంకొకరు చేశారు కదా అన్న తెగింపు ఇస్తుంది. చనిపోయాక అందరూ ఎంత ఏడ్చారో, ఎంత మంచివాడన్నారో, కాలేజీ వాళ్లను ఎలా నిలదీశారో కూడా చూపిస్తుంది. బతికుండగా ఎవరూ వినలేదనుకునే పిల్లవాడికి అది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

దేశంలో 2022లో ఆత్మహత్యల వల్ల పోయిన ప్రాణాలు 1,70,924 అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వారిలో విద్యార్థులు 13,044 మంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లోనే తొమ్మిదిమంది పిల్లలు పోయారని వార్తలు వచ్చాయి. రెండే రోజులు. ఆ రెండు రోజుల్లో మనం ఏం రాస్తామో, ఏం చూపిస్తామో, ఏం పంపుతామో ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

ముందుగా హెడ్డింగ్ సంగతి. ‘మార్కులు తక్కువొచ్చాయని’, ‘అమ్మ తిట్టిందని’, ‘సెల్‌ఫోన్ కొనివ్వలేదని’, ‘ప్రేమ విఫలమైందని’. ఒక ప్రాణానికి ఒక కారణం కట్టేయడం మనకు అలవాటైపోయింది. ఎస్సై గారు చెప్పారు, విలేకరి రాశాడు, డెస్కు హెడ్డింగ్ పెట్టింది. కానీ ఏ మరణమూ ఒక్క కారణంతో రాదు. నెలల తరబడి పడుతున్న కుంగుబాటు ఉండొచ్చు, ఎవరికీ చెప్పుకోని అవమానం ఉండొచ్చు, ఇంట్లో అప్పుల గొడవ ఉండొచ్చు, హాస్టల్లో వేధింపు ఉండొచ్చు. చివరి రోజు జరిగింది చివరి సంఘటన మాత్రమే. దాన్నే కారణమని రాస్తే రెండు కీడులు జరుగుతాయి. కోప్పడిన ఆ తల్లి జీవితాంతం తనే చంపానని కుమిలిపోతుంది. తప్పిన ప్రతి పిల్లకూ, తిట్లు తిన్న ప్రతి పిల్లకూ తర్వాత జరిగేది ఇదే కాబోలు అన్న లెక్క మెదడులో పడుతుంది. 2019లో తప్పిన మూడు లక్షల మందిలో దాదాపు అందరూ బతికారు. వారి గురించి రాసే హెడ్డింగ్ మాత్రం కనిపించదు.

ఇక వివరాలు. దేనితో, ఎక్కడ, ఎంత మోతాదు, ఏ తలుపు వెనక, ఏ వంతెన మీద. ఈ వివరాలు పాఠకుడికి ఏ మేలూ చేయవు. పోలీసులకు కావాలి, పోస్ట్‌మార్టం చేసే డాక్టరుకు కావాలి, కోర్టుకు కావాలి. పేపరుకు అక్కర్లేదు. ‘ప్రాణం తీసుకున్నాడు’ అన్నంత వరకు చాలు. చోటును కూడా గుర్తు పెట్టుకునేలా రాయకండి. ఒక చెరువుకో, వంతెనకో ఆ పేరు పడిందంటే తర్వాత అక్కడికి జనం రావడం మొదలవుతుంది. చివరి ఉత్తరాన్ని అచ్చువేయకండి. చివరి సెల్ఫీ వీడియోను ముఖం మసకబరిచి కూడా వేయకండి. గొంతు చాలు, వినేవాడిని కదిలించడానికి. ఆ ఉత్తరంలో ఎవరి మీదైనా ఆరోపణ ఉంటే, దర్యాప్తు సాగుతోందని, ఆరోపణ ఏమిటో రెండు మాటల్లో రాయొచ్చు. ఉత్తరమంతా వేస్తే, చచ్చిపోతేనే నా మాట రాష్ట్రమంతా వింటుందని ఇంకో పిల్ల అనుకుంటుంది.

మార్చురీ ముందు మైకుల సంగతి కూడా చెప్పాలి. కడుపుకోతతో నేల మీద కూలబడ్డ తల్లి నోటి దగ్గర నాలుగు చానళ్ల లోగోలు. ఆమె ఏం చెబుతుంది? ఆ క్షణంలో ఎవరినైనా తిడుతుంది, తననైనా తిట్టుకుంటుంది. మర్నాటికి ఆ మాటలు ఆమెకే గుర్తుండవు. కానీ యూట్యూబులో పదేళ్లయినా ఉంటాయి. ఆ ఇంట్లోని చెల్లెలో తమ్ముడో ఎప్పుడో ఒక రాత్రి వాటిని వెతుక్కుని చూస్తారు. ఆ ఇల్లు అప్పటికే ప్రమాదంలో ఉన్న ఇల్లు. ఆత్మీయుణ్ని ఇలా పోగొట్టుకున్నవారికి అదే ఆలోచన వచ్చే ముప్పు మామూలు వారికంటే ఎక్కువ.

2020లో దేశమంతా చూసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ జూన్ 14న ముంబయిలో నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చనిపోయారు. ఆయనకు 34 ఏళ్లు. కొద్ది గంటల్లోనే మృతదేహం ఫొటోలు ఫోన్లలో తిరగడం మొదలైంది. వాటిని పంచుకోవద్దని మహారాష్ట్ర సైబర్ పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి చానళ్లకు అదే పని. గ్రాఫిక్స్‌తో గదిని కట్టి చూపారు. ఎత్తు ఎంత, బట్ట ఎంత అని స్టూడియోలో కొలతలు వేశారు. ఆయన తీసుకున్న చికిత్స, మందుల చీటీలు, వాట్సాప్ మాటలు తెర మీదికొచ్చాయి. స్నేహితురాలైన నటి రియా చక్రవర్తిని ప్రతి రాత్రీ చర్చల్లో దోషిగా తేల్చారు. ఆమె ఇంటి ముందు కెమెరాల తోపులాటలో డెలివరీ బాయ్‌నీ వదల్లేదు. మాదకద్రవ్యాల కేసులో సెప్టెంబరులో అరెస్టయి, దాదాపు నెల రోజులు జైల్లో ఉండి, అక్టోబరులో ఆమె బెయిలు మీద వచ్చింది. హత్య కాదని ఎయిమ్స్ వైద్యుల బృందం ఆ నెలలోనే తేల్చింది. 2025 మార్చిలో సీబీఐ కేసును మూసివేస్తూ కోర్టుకు నివేదిక ఇచ్చింది. దీనికి దాదాపు అయిదేళ్లు పట్టింది. ఆ చర్చల్లో తీర్పులు మాత్రం అయిదు రోజుల్లోనే వచ్చేశాయి.

ఆ చర్చలను ఎవరెవరు చూశారో ఎప్పుడైనా అనుకున్నామా? లాక్‌డౌన్‌లో ఇంటిపట్టున ఉండిపోయిన జనం. ఉద్యోగం పోయినవారు, కుంగుబాటుకు మందులు వాడుతున్నవారు, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్దామా వద్దా అని తటపటాయిస్తున్నవారు. డాక్టరుకు చెప్పుకున్న బాధ, రాసిన మందు ఒకనాడు టీవీలో వస్తాయని చూశాక వారిలో ఎందరు ధైర్యంగా డాక్టరు గడప తొక్కి ఉంటారు? మన దగ్గరా ఇది జరిగింది. 2014 జనవరిలో ఉదయ్ కిరణ్ పోయినప్పుడు అవకాశాలు తగ్గాయని, అదని, ఇదని రోజుల తరబడి కారణాలు పేర్చారు. ఆయనను అభిమానించిన కుర్రవాళ్లకు ఆ చర్చల నుంచి పనికొచ్చే ముక్క ఒక్కటి దొరికిందేమో ఆలోచించండి.

సుశాంత్ విషయంలో చివరకు కొందరు మాట్లాడారు. ప్రెస్ కౌన్సిల్ 2020 ఆగస్టు 28న మీడియాకు సూచన జారీ చేసింది. చానళ్ల సొంత ప్రమాణాల సంస్థ, సుశాంత్ పెట్టినట్టుగా నకిలీ ట్వీట్లు చూపించినందుకు ఆజ్ తక్ చానల్‌కు లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమంది. బొంబాయి హైకోర్టు 2021 జనవరి 18న తీర్పు చెప్పింది. రిపబ్లిక్ టీవీ, టైమ్స్ నౌ ప్రసారాల్లో కొన్ని పైకి చూస్తేనే ధిక్కారం కిందికి వస్తాయని, అయినా చర్య తీసుకోకుండా వదిలేస్తున్నామని అన్నది. ఆత్మహత్య చేసుకున్నవారిని బలహీన మనస్కులుగా చూపవద్దని, వారి గోప్యతలోకి చొరబడవద్దని స్పష్టంగా చెప్పింది. ప్రెస్ కౌన్సిల్ నియమాలను ప్రస్తుతానికి టీవీలూ పాటించాలని ఆదేశించింది.

నియమాలు లేక కాదు. ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలను తీసుకుని, ఇలాంటి వార్తలను ప్రముఖంగా వేయొద్దు, పదేపదే వేయొద్దు, పద్ధతి చెప్పొద్దు, చోటు చెప్పొద్దు, సంచలన హెడ్డింగులు పెట్టొద్దు, ఫొటోలు వీడియోలు వాడొద్దు అని వివరంగా చెప్పింది. మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 2017 కూడా ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంది, శిక్షించమనలేదు. చికిత్సలో ఉన్నవారి ఫొటోలు, వివరాలు వారి అనుమతి లేకుండా వేయొద్దంది. నియమాలు పాటించనివారిని ప్రెస్ కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు. అంతకుమించి చేయలేదు. టీవీ దాని పరిధిలో లేనే లేదు. అందుకే ఇది శిక్షలకు భయపడి చేసే పని కాదు. డెస్కులో రాత్రి పదకొండింటికి కూర్చున్న సబ్ ఎడిటర్ తనంతట తాను చేయాల్సిన పని. ఆ మనిషి మీద నాకు నమ్మకం ఉంది. తన ఇంట్లోనూ ఇంటర్ చదివే పిల్ల ఉంటుంది.

అలా చేస్తే ఫలితం ఉంటుందా అంటే, వియన్నాను చూడండి. ఆ నగర మెట్రోలో 1980ల్లో ఆత్మహత్యలు పెరిగిపోయాయి. పత్రికలు ప్రతి మరణాన్నీ పెద్దగా, పూసగుచ్చినట్టు రాసేవి. 1987లో అక్కడి వైద్యులు, నిపుణులు పత్రికల వారితో కూర్చుని ఎలా రాయాలో, ఏం రాయకూడదో మాట్లాడుకున్నారు. పత్రికలు మాట విన్నాయి. వార్తలు చిన్నవయ్యాయి, కొన్ని అసలు రాలేదు. అదే ఏడాది తర్వాతి ఆరు నెలల్లో మెట్రోలో ఆ మరణాలు నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గాయి. మెట్రో అదే, జనం అదే. మారింది వార్త రాసిన తీరే.

అయితే నోరు మూసుకోమంటారా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. అది ఇంకా పెద్ద తప్పు. 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావులను పత్రికలు రాయకపోతే, కల్తీ పురుగుమందుల గురించి, వడ్డీ వ్యాపారుల గురించి హైదరాబాద్‌లో ఎవరికీ పట్టేది కాదు. 2004లో రైతు కుటుంబాలకు సాయం ప్రకటిస్తూ వచ్చిన 421వ జీవో వెనక ఆ ఏళ్ల రాతలన్నీ ఉన్నాయి. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులతో హైదరాబాద్ చుట్టుపక్కల ప్రాణాలు పోయినప్పుడు, ఆ యాప్‌లు ఎలా పనిచేస్తున్నాయో, కాంటాక్టులన్నీ లాక్కుని బంధువులకు ఎలాంటి బూతు సందేశాలు పంపుతున్నాయో విలేకరులు తవ్వి రాశారు. పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేశారు, అరెస్టులు జరిగాయి. రిజర్వ్ బ్యాంక్ 2022లో డిజిటల్ అప్పులకు నియమాలు తెచ్చింది. ఈ రెండు సందర్భాల్లోనూ మంచి వార్త చనిపోయిన మనిషి గది దగ్గర ఆగిపోలేదు. అక్కడి నుంచి బయటికొచ్చి అప్పు ఎక్కడ పుట్టిందో, విత్తనం ఎవరు అమ్మారో, ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారో వెతికింది. అలాంటి వార్త చదివిన బాధితుడికి తప్పు తనొక్కడిది కాదని తెలుస్తుంది, ఎవరిని అడగాలో తెలుస్తుంది.

కాలేజీ హాస్టళ్ల విషయంలో రాయాల్సిందీ అదే. పిల్లలను ఎన్ని గంటలు కూర్చోబెడుతున్నారు, ఆదివారం ఇంటికి పంపుతున్నారా, మార్కులను బట్టి సెక్షన్లు మార్చి అవమానిస్తున్నారా, కౌన్సెలర్ పేరుకే ఉన్నాడా. ఇవి ఏడాది పొడుగునా రాయాలి. ఒక పిల్ల చనిపోయిన వారం మాత్రమే గుర్తొస్తే, మిగిలిన యాభై ఒక్క వారాలూ ఆ కాలేజీ ప్రకటనలతోనే పేజీలు నిండుతాయి. ఈ మాట యాజమాన్యాలకు కష్టంగా ఉండొచ్చు. అయినా చెప్పక తప్పదు.

బతికినవారి కథలు రాయండి. ఇదీ లెక్కల్లో తేలిన సంగతే. చావు అంచుదాకా వెళ్లి, ఎవరితోనో మాట్లాడి, చికిత్స తీసుకుని నిలబడ్డవారి గురించి వచ్చే వార్తలు ఇతరులను కాపాడుతున్నాయని ఆస్ట్రియా పరిశోధకులు 2010లో చూపారు. 2017లో అమెరికా గాయకుడు లాజిక్ అక్కడి సహాయ ఫోన్ నంబరునే పేరుగా పెట్టి ఒక పాట పాడాడు. ఆ పాట గురించి జనం ఎక్కువగా మాట్లాడుకున్న రోజుల్లో ఆ నంబరుకు ఫోన్లు పెరిగాయి, ఆత్మహత్యలు తగ్గాయి. మన జిల్లా పేజీలకు ఇలాంటి మనుషులు దొరకరా? ఇంటర్ తప్పి, సప్లిమెంటరీ రాసి, ఇప్పుడు నలుగురికి ఉద్యోగాలిస్తున్నవారు ప్రతి మండలంలో ఉన్నారు. ఫలితాల మర్నాడు ర్యాంకర్ల పక్కన వారి ఫొటో వేయండి.

జిల్లాల్లో తిరిగే విలేకరి కష్టం తెలియక ఈ మాటలు అనడం లేదు. వార్త వస్తేనే రాబడి. పక్క పేపరులో వివరాలన్నీ ఉండి మన దాంట్లో లేకపోతే ఉదయాన్నే ఫోన్ వస్తుంది, ఎందుకు మిస్సయ్యావని. ఆ ఫోన్ చేసే పెద్దలకే నా వేడుకోలు. ‘ఈ వివరాలు మేం వేయం’ అని జిల్లాలో ఉన్న పేపర్లూ చానళ్లూ కలిసి ఒక మాట అనుకుంటే మిస్సయ్యేది ఏమీ ఉండదు. ప్రెస్ క్లబ్బుల్లో ఒక్క పూట కూర్చుంటే అయ్యే పని. జిల్లాలోని మానసిక వైద్యుణ్ని పిలవండి, ఎస్పీ గారిని పిలవండి. ఎఫ్ఐఆర్‌లోని వివరాలను, ఉత్తరాల ఫొటోలను స్టేషన్ నుంచే గ్రూపుల్లో పెట్టకుండా ఆయన ఆపగలరు.

యూట్యూబ్ చానళ్లు నడిపే యువకులారా, మీకూ చెబుతున్నాను. ఏడుస్తున్న ముఖం, ఎర్రటి బాణం, ‘చివరి వీడియో’ అన్న థంబ్‌నెయిల్‌కు చూపులు ఎక్కువ వస్తాయని తెలుసు. ఆ చూసేవారిలో ఆ రోజు రాత్రి నిద్రపట్టని పిల్లలు ఉంటారు. ఆ ఒక్క వీడియో మానేయండి. మీ చానల్ పడిపోదు.

ఇక మనందరం. వార్తను అచ్చువేసే అధికారం ఒకప్పుడు పేపరుకే ఉండేది. ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్ గ్రూపుకూ, పూర్వ విద్యార్థుల గ్రూపుకూ ఉంది. చనిపోయిన పిల్ల ఫొటో వస్తే మీ దగ్గరే ఆపండి, తుడిచేయండి. పంపినవారికి విడిగా చెప్పండి, నలుగురిలో కాదు. ‘అసలు విషయం ఇదట’ అని ఊహలు కలపకండి. స్టేటస్‌లో ఆ ఫొటో పెట్టి కవిత రాయకండి. ఇవన్నీ ప్రేమతో చేసేవే, తెలుసు. కానీ మీ స్టేటస్ చూసే మేనల్లుడు ఏ స్థితిలో ఉన్నాడో మీకు తెలియదు.

ఇంట్లో ఉన్న అమ్మానాన్నలూ, ఒక్క నిమిషం. ఫలితాల ముందూ తర్వాతా కొన్ని గుర్తులు కనిపిస్తాయి. పిల్ల తినడం తగ్గిస్తుంది, రాత్రంతా మేల్కొంటుంది లేదా పగలంతా పడుకుంటుంది. స్నేహితుల ఫోన్లు ఎత్తదు. ఇష్టమైన వస్తువులు చెల్లెలికిచ్చేస్తుంది. ‘నా వల్ల మీకు భారం’, ‘నేను లేకపోతే హాయిగా ఉంటారు’ అంటుంది. ఇన్నాళ్లూ కలతపడిన పిల్ల ఒక్కసారిగా ప్రశాంతంగా కనిపించినా తేలిగ్గా తీసుకోకండి. ‘ఊరికే బెదిరిస్తున్నాడులే’ అని కొట్టిపారేయకండి. బెదిరింపు అనుకున్నది సాయం కోసం పెట్టిన కేక కావచ్చు.

అప్పుడు ఏం చేయాలి? దగ్గర కూర్చుని నేరుగా అడగండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని అడగడానికి భయపడకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే బరువు తగ్గుతుందని వైద్యులు చెబుతారు. జవాబు చెబుతుంటే మధ్యలో పాఠం చెప్పకండి, పక్కింటి పిల్లతో పోల్చకండి, ఒట్టు వేయించుకుని ఊరుకోకండి. ఒంటరిగా వదలకండి. పొలం మందులను, ఇంట్లోని మందుబిళ్లలను తాళం వేసి పిల్లలకు అందనిచోట పెట్టండి. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

ఫలితం చూసేటప్పుడు పిల్ల పక్కన ఎవరో ఒకరు ఉండండి. మార్కులు తెలియగానే బంధువులకు ఫోన్లు చేయొద్దు. వాళ్లు చేసినా ఆ రోజుకి ఎత్తకండి. రీకౌంటింగ్ ఉంది, జవాబు పత్రాన్ని తిరిగి పరిశీలించమని అడగొచ్చు, కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. అది రాస్తే ఏడాది కూడా పోదు. ఇవి పిల్లలకు ఇప్పుడే చెప్పండి. సున్నా అన్నది 99 అయిన సంగతి కూడా చెప్పండి.

స్నేహితులైన పిల్లలూ, మీ క్లాసులో ఎవరైనా అలాంటి మాట చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంటే ఆ ఒట్టు తప్పండి. నమ్మకమైన పెద్దవాళ్లకు ఆ రోజే చెప్పండి. వాడికి కోపం వస్తే రానివ్వండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే సహాయ కేంద్రాన్ని ప్రారంభించింది. నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడతారు. పైసా ఖర్చు లేదు. పేరు చెప్పాల్సిన పని లేదు. బాధలో ఉన్నవారు చేయొచ్చు, వారి గురించి భయపడుతున్న అమ్మానాన్నలూ స్నేహితులూ చేయొచ్చు. ఎడిటర్లూ, ఫలితాల రోజు మొదటి పేజీలో ర్యాంకులకంటే పైన ఈ నంబరు వేయండి. చానళ్లూ, ఫలితాలు వచ్చాక రెండు మూడు రోజులూ దీన్ని స్క్రోలింగ్‌లో ఉంచండి. ఇది చదివినవారు ఇప్పుడే మీ పిల్లల ఫోన్లలో ఆ నంబరును సేవ్ చేయండి.